చేప తాజాగా ఉంటే సరిపోదు... పగడపు దిబ్బల చేపతో జాగ్రత్త!

మారిషస్‌లో కట్టుబడి పనులకి వచ్చిన మన తెలుగువాళ్లకి ఆదివారం అంటే చేపల పులుసే. శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు గోదావరి వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, రాడ్ బెండర్లు, సెంట్రింగ్ పనివాళ్లు మా క్వార్టర్లలో చాలామందే ఉన్నారు. వీళ్లలో సగం మంది సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లు. మొప్ప ఎత్తి చూసి చేప పొద్దున పట్టిందో, నిన్న పట్టిందో చెప్పేస్తారు. అలాంటివాళ్లకి చేప గురించి మేము చెప్పేదేముంటుంది అనిపించవచ్చు. అయినా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడి సముద్రం మన సముద్రం లాంటిది కాదు.

కళింగపట్నం, భీమిలి దగ్గర మనకి తెలిసింది ఇసుక తీరం. మారిషస్ చుట్టూ దాదాపు 150 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బ ప్రహరీ గోడలా ఉంటుంది. ఆ దిబ్బల్లో తిరిగే కొన్ని పెద్ద చేపల ఒంట్లో ఒక విషం పేరుకుంటుంది. దాని వల్ల వచ్చే జబ్బు పేరు సిగ్వాటెరా. చేప కుళ్లిపోయి రాదు, మురికి నీళ్ల వల్ల రాదు, వంట సరిగ్గా కాకపోవడం వల్లా రాదు. మంచి తాజా చేప, శుభ్రంగా వండిన చేప తిన్నా వస్తుంది. మన అనుభవం ఇక్కడ పని చెయ్యనిది అందుకే.

మేము డాక్టర్లం కాదు. సివిల్ డిప్లొమా చదివి సైటు మీద సూపర్‌వైజర్లుగా పని చేస్తున్నవాళ్లం. కానీ మా క్వార్టర్లలోనే ఆరుగురు ఈ జబ్బుతో పడిపోయారు. ఆ తరవాత డాక్టర్లని అడిగి, ఇక్కడి పెద్దవాళ్లని అడిగి తెలుసుకున్నవి తోటివాళ్లకి చెప్పడం మా బాధ్యత అనుకుని రాస్తున్నాం.

మా క్వార్టర్లలో ఏం జరిగింది?

కిందటేడు నవంబరులో ఒక ఆదివారం మా పక్క గదివాళ్లు బీచ్‌కి వెళ్లారు. ఒడ్డున ఒకతను పడవలోంచి దించిన ఎర్ర చేప, ఏడు కిలోలది, మార్కెట్టు ధరలో సగానికే ఇచ్చాడు. అందరూ కలిసి వేసుకుని కొన్నారు. ముక్కలు వేపుడు, తలకాయ పులుసు, శన, కార్జం విడిగా వేయించి తిన్నారు. రాత్రి పది గంటలకల్లా ఒకరి తరవాత ఒకరికి వాంతులు, విరేచనాలు. మజ్జిగ తాగి, ఉన్న మాత్రలు వేసుకుని పడుకున్నారు.

తెల్లారేసరికి వాంతులు తగ్గాయి గానీ అసలు కథ అప్పుడు మొదలైంది. పెదాలు, నాలుక, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. ఒంట్లో ఓపిక లేదు. కాళ్లు ఒకటే లాగుడు. ఒక కుర్రాడు మొహం కడుక్కుందామని కుళాయి తిప్పి గబుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. "అన్నా, నీళ్లల్లో కరెంటొస్తంది. చూడన్నా, సెయ్యి కాలిపోతంది" అన్నాడు. మేము పెట్టి చూస్తే మామూలు చల్లటి నీళ్లే. ఇంకొకతను తన పళ్లన్నీ ఊగుతున్నాయని అద్దంలో చూసుకుంటున్నాడు. తలకాయ, కార్జం ఎక్కువ తిన్న మేస్త్రీకి లేచి నిలబడితే కళ్లు తిరిగిపోతున్నాయి. నాడి చూస్తే చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది.

సైటు ఆఫీసువాళ్లు మాత్రం "ఆదివారం తాగారు, సోమవారం లేవలేదు" అని రాసుకున్నారు. ఆరుగురికీ ఆబ్సెంటు వేశారు. చల్లనీళ్లు కాలుతున్నాయని చెబితే నవ్వారు. ఆస్పత్రిలో క్యాజువాల్టీ డాక్టరు మాత్రం నవ్వలేదు. తిమ్మిర్లు, చల్లనీళ్ల సంగతి వినగానే ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "నిన్న ఏ చేప తిన్నారు?"

రెండు ముక్కలు తిన్నవాడు మూడు రోజుల్లో డ్యూటీకి వచ్చాడు. మిగతావాళ్లకి పది రోజుల పైనే పట్టింది. మేస్త్రీని ఆస్పత్రిలో పెట్టుకుని సెలైన్లు ఎక్కించారు. అరచేతులు, అరికాళ్ల దురద, చల్లటిది తగిలితే మంట ఆయనకి దాదాపు మూడు నెలలు పోలేదు. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు మీద ఊళ్లో వడ్డీ పెరుగుతూనే ఉంది. చవగ్గా వచ్చిన చేప ఖరీదు అలా తేలింది.

విషం చేపలోకి ఎలా వస్తుంది?

పగడపు దిబ్బల మీద, చచ్చిన పగడం మీద పెరిగే నాచుని పట్టుకుని కంటికి కనపడనంత చిన్న జీవులు బతుకుతాయి. వాటి శాస్త్రీయ నామం గాంబియర్డిస్కస్. విషానికి మూలం ఇవే. నాచు మేసే చిన్న చేపలు నాచుతో పాటు వీటినీ మింగుతాయి. ఆ చిన్న చేపల్ని పెద్ద చేపలు తింటాయి. వాటిని ఇంకా పెద్దవి తింటాయి.

మన చీటీల లెక్కే అనుకోండి. ఇరవై మంది తలా కొంచెం కడితే మొత్తం పాడుకున్నవాడి చేతికి వస్తుంది. ఇక్కడ పాడుకున్నవాడు పెద్ద చేప. ఏళ్ల తరబడి తిన్న వందల చిన్న చేపల విషం దాని ఒంట్లో చేరుతుంది. త్వరగా బయటికి పోదు. చేపకి మాత్రం ఏమీ అయినట్టు కనపడదు. చక్కగా ఈదుతుంది, నిగనిగలాడుతుంది. ఆ చేపని తిన్న మనిషి మంచాన పడతాడు.

ఈ విషం మన నరాల మీద పని చేస్తుంది. నరాల్లో సోడియం రాకపోకలకి తలుపుల్లాంటివి ఉంటాయి. మామూలుగా అవి తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. విషం చేరితే మూసుకోవలసినప్పుడు మూసుకోవు. తిమ్మిర్లు, చల్లటిది తగిలితే కాలినట్టు ఉండడం, గుండె నెమ్మదించడం దాని వల్లే.

కొత్త జబ్బు కాదు

1774లో కెప్టెన్ కుక్ ఓడ పసిఫిక్ దీవుల్లో ఉన్నప్పుడు ఆయన మనుషులు దిబ్బల చేప తిని ఇలాగే జబ్బు పడ్డారు. సిగ్వాటెరా అనే పేరు మాత్రం క్యూబా వైపు నుంచి వచ్చింది. అక్కడ సిగువా అని పిలిచే ఒక సముద్రపు నత్త తిని జబ్బు పడ్డవాళ్ల గురించి 1787లో రాశారు. ఆ పేరే చేప జబ్బుకీ నిలిచిపోయింది. కారణం దొరికింది మాత్రం 1970లలోనే. ఫ్రెంచి పాలినీషియాలోని గాంబియర్ దీవుల దగ్గర ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని పేరులో గాంబియర్ ఉన్నది అందుకే.

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 10,000 నుంచి 50,000 మంది దీని బారిన పడుతున్నారని ఒక అంచనా. ఆస్పత్రికి వెళ్లనివాళ్లు ఎక్కువ కాబట్టి లెక్కకి రానివాళ్లూ ఎక్కువే. ప్రాణం పోవడం అరుదు. వెయ్యి మందిలో ఒక్కరి కంటే తక్కువ. కానీ జరగదని కాదు. 2013లో పక్కనున్న మడగాస్కర్‌లో ఒక సొర చేప మాంసం తిని 124 మంది జబ్బు పడితే 11 మంది చనిపోయారు. ఆ సొరలో దొరికింది ఈ విషమే.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 2016లో మంగళూరులో స్నాపర్ జాతి ఎర్ర చేప తిని వంద మందికి పైగా అస్వస్థులయ్యారు. ఆ జాతినే మారిషస్‌లో వారావారా అంటారు.

ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు

మనవాళ్లకి ఉన్న నమ్మకాలు ఒక్కొక్కటీ చూద్దాం.

బాగా ఉడికిస్తే పోతుందా? పోదు. ఈ విషం వేడికి చెడదు. గంట సేపు మరిగించినా, నూనెలో కరకరలాడేలా వేయించినా అలాగే ఉంటుంది.

చింతపండు పులుసు, ఉప్పు, పసుపు విరుగుడు కాదా? కాదు. పులుపుకీ, ఉప్పుకీ ఇది లొంగదు. ఎండు చేప చేసినా, ఊరబెట్టినా అంతే.

ఫ్రీజర్‌లో పెడితే? నెలల తరబడి గడ్డ కట్టించినా విషం అలాగే ఉంటుంది.

వాసన, రుచి తెలుస్తాయా? తెలియవు. చేదుండదు, కంపు కొట్టదు, రంగు మారదు.

వెండి నాణెం పెడితే నల్లబడుతుందనీ, ఈగ వాలకపోతే విషమనీ, ముందు పిల్లికి పెట్టి చూడమనీ దీవుల్లో రకరకాలుగా చెబుతారు. ఇవేవీ నమ్మదగ్గ పరీక్షలు కావు. ఈ విషాన్ని కనిపెట్టేది ప్రయోగశాల ఒక్కటే. బీచ్‌లో చేప కొనేవాడి దగ్గర ప్రయోగశాల ఉండదు కదా! కాబట్టి మన చేతిలో ఉన్నది ఒకటే: ఏ చేప కొనాలో, ఏది వదిలెయ్యాలో తెలుసుకోవడం.

ఏ చేపలు వదిలెయ్యాలి?

మారిషస్ మత్స్య చట్టం కొన్ని జాతుల్ని విషపు చేపలుగా జాబితాలో పెట్టి వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆ పేర్లు క్రియోల్‌లో ఉంటాయి కాబట్టి మనవాళ్లకి తెలియవు. ముఖ్యంగా మూడు గుర్తు పెట్టుకోండి.

వారావారా: ఎర్రగా, బలిష్ఠంగా ఉండే స్నాపర్. చూస్తే నోరూరుతుంది.

క్రువాసాన్: ఎర్రటి ఒంటి మీద చుక్కలు, నెలవంక లాంటి తోక. పేరు ఆ తోకని బట్టే వచ్చింది.

వియే లూట్ర్: గోధుమ రంగు మచ్చలున్న పెద్ద గ్రూపర్.

వీటితో పాటు పొడుగు మూతి, కత్తుల్లాంటి పళ్లు ఉండే పెద్ద బారకూడా, రాళ్ల సందుల్లో ఉండే పెద్ద మోరే పాము చేప, పెద్ద సొర కూడా వద్దు. ప్రపంచమంతటా సిగ్వాటెరా విషయంలో వీటికి చెడ్డ పేరుంది.

పేరు తెలియకపోతే సైజు చూడండి. దిబ్బల చేప రెండు మూడు కిలోలు దాటితే అనుమానించండి. చేప ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం తిని ఉంటుంది. అలాగని చిన్న చేపకి గ్యారంటీ ఉందని కాదు, ప్రమాదం తగ్గుతుంది అంతే.

మనవాళ్లకి కష్టమైన మాట ఇంకోటి ఉంది. తలకాయ, కార్జం, పేగులు, శన... దిబ్బల చేపవైతే వీటిని ముట్టుకోవద్దు. కండలో ఉన్నదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ విషం వీటిలో ఉంటుంది. తలకాయ పులుసు లేని చేపల కూర ఏం కూర అంటారు మనవాళ్లు. నిజమే. కానీ మా క్వార్టర్లలో ఎక్కువ దెబ్బ తిన్నది ఆ పులుసు తిన్నవాళ్లే.

ఇంకో సంగతి. ఒక దిబ్బ దగ్గర మంచిగా ఉన్న జాతి ఇంకో దిబ్బ దగ్గర విషంగా ఉండవచ్చు. "మేము పోయిన నెల ఇదే చేప తిన్నాం, ఏం కాలేదు" అనే మాట పనికిరాదు. తుపాను వల్ల గానీ, తవ్వకాల వల్ల గానీ పగడం చచ్చిపోయిన చోట నాచు పెరుగుతుంది, దానితో పాటు ఆ సూక్ష్మజీవీ పెరగవచ్చు.

మరి ఏం తినాలి? దిబ్బలకి దూరంగా నడి సముద్రంలో తిరిగే తూనా లాంటి చేపలకి ఈ బెడద లేదు. అయితే వాటిని పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే ఇంకో రకం ఇబ్బంది వస్తుంది. మొహం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలనొప్పి పుడుతుంది. అది వేరే జబ్బు. కాబట్టి తూనా అయినా ఐసు మీద ఉన్నదే కొనాలి. లైసెన్సు ఉన్న దుకాణంలో, పేరు అడిగి కొనండి. ఒడ్డున, ముక్కలు కోసేసి, పేరు చెప్పకుండా, సగం ధరకి ఇస్తుంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లకి తెలుగు మాట్లాడడం అంతగా రాకపోయినా చేపల పేర్లు మాత్రం కంఠోపాఠం. మాకు ఈ పేర్లు నేర్పింది అలాంటి ఒక తాతగారే. గుళ్లో కలిసినప్పుడు, ఉగాదికి కలిసినప్పుడు అడగండి, సంతోషంగా చెబుతారు.

తిన్నాక అనుమానం వస్తే

తిన్న కొన్ని గంటల్లో, ఎక్కువమందికి ఒక రోజులోపే లక్షణాలు మొదలవుతాయి. ముందు వాంతులు, విరేచనాలు, కడుపులో నొప్పి. ఆ తరవాత గానీ, వాటితో పాటే గానీ పెదాల చుట్టూ తిమ్మిరి, ఒళ్లు నొప్పులు, నీరసం, దురద, పళ్లు వదులైనట్టు అనిపించడం. చల్లటిది తగిలితే మంట పుట్టడం ఈ జబ్బుకి పెద్ద గుర్తు.

వెంటనే చెయ్యవలసినవి ఇవి:

ఆస్పత్రికి వెళ్లండి. కళ్లు తిరుగుతున్నా, నాడి నెమ్మదిగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా 114కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. కాండోస్‌లో విక్టోరియా ఆస్పత్రి, రోజ్ బెల్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి, పోర్ట్ లూయిస్‌లో జీతూ ఆస్పత్రి ప్రభుత్వానివే.

డాక్టరు అడగకపోయినా చేప తిన్న సంగతి చెప్పండి. ఏ చేప, ఎంత బరువు, ఏ భాగం, ఎన్ని గంటలకి తిన్నారు, ఇంకెవరు తిన్నారు... ఇవన్నీ చెప్పాలి. భాష రాకపోతే "పువాసోఁ" అన్న ఒక్క మాట చాలు, చేప అని అర్థమవుతుంది. ఫోనులో చేప ఫోటో ఉంటే చూపించండి.

మిగిలిన ముక్క ఉంటే పారెయ్యకండి. కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. దాన్ని పరీక్షకి పంపే వీలుంటుంది. పొరపాటున ఎవరూ తినకుండా గుర్తు పెట్టండి.

మందు తాగవద్దు. "ఒక పెగ్గు వేస్తే వాంతులు కట్టుకుంటాయి" అనేవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. మద్యం ఈ జబ్బుని పెంచుతుంది.

దీనికి విరుగుడు మందు లేదు. సెలైను పెట్టడం, గుండె నెమ్మదిస్తే దానికి ఇంజెక్షను ఇవ్వడం, దురదకీ నొప్పులకీ మందులివ్వడం, ఇదే వైద్యం. మానిటాల్ అనే మందుతో తగ్గుతుందని ఒకప్పుడు బాగా నమ్మారు. 2002లో వచ్చిన ఒక పరీక్షలో అది మామూలు సెలైను కంటే గొప్పగా పని చెయ్యలేదని తేలింది. కాబట్టి ఎవరో చెప్పిన మందు కోసం తిరక్కుండా డాక్టరు మాట వినండి.

తగ్గాక కూడా మూడు నుంచి ఆరు నెలలు చేప, మద్యం, జీడిపప్పు, వేరుశనగ లాంటి గింజలు మానేస్తే మంచిది. ఇవి తింటే లక్షణాలు తిరగబెట్టవచ్చు. ఒకసారి వస్తే మళ్లీ రాదనుకోవద్దు. రెండోసారి ఇంకా గట్టిగా వచ్చే ప్రమాదముంది.

పని మీద ప్రమాదం, జీతం మీద దెబ్బ

సూపర్‌వైజర్లుగా మేము గట్టిగా చెప్పదలచింది ఇది. వాంతులు తగ్గాయి కదా అని ఈ మనిషిని పరంజా ఎక్కించకూడదు. నాడి నెమ్మదిగా ఉన్నవాడు, లేస్తే కళ్లు తిరిగేవాడు నాలుగో అంతస్తులో ఉంటే ఏమవుతుందో మనకి తెలుసు. వేడి, చల్లన సరిగ్గా తెలియని చేత్తో వెల్డింగు చేసిన రాడ్డు పట్టుకుంటే కాలినా ఆలస్యంగా తెలియవచ్చు. డాక్టరు సరే అనేదాకా కిందే పని ఇవ్వాలి, ఎండలో బరువు పని చెప్పకూడదు.

సెలవు సంగతి కూడా తెలుసుకోండి. 2019 నాటి కార్మిక హక్కుల చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవాళ్లకి ఏటా 15 రోజులు జీతంతో జబ్బు సెలవు ఉంది. కానీ కాగితం లేకపోతే హక్కు నిరూపించడం కష్టం. జబ్బు పడ్డ రోజే ఆఫీసుకి కబురు చెయ్యండి. మెడికల్ సర్టిఫికెట్ తీసుకోండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. మావాళ్లకి ముందు "తాగి మానేశారు" అని రాసిన రోజులు ఆస్పత్రి కాగితాలు చూపించాకే జబ్బు సెలవుగా మారాయి. అప్పటికీ ఒప్పుకోకపోతే కార్మిక మంత్రిత్వ శాఖలో వలస కార్మికుల కోసం ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికి వెళ్లి చెప్పుకునే హక్కు మనకుంది.

మెస్సులో మేము పెట్టుకున్న కట్టుబాట్లు

ఆ సంఘటన తరవాత మా క్వార్టర్లలో అందరం కూర్చుని నాలుగు మాటలు అనుకున్నాం. వంటగది తలుపు మీద తెలుగులో, హిందీలో, బెంగాలీలో రాసి అంటించాం. పేరు తెలియని చేప మెస్సులోకి రాదు. రెండు కిలోలు దాటిన దిబ్బల చేప రాదు. దిబ్బల చేప తలకాయ, కార్జం, శన వండరు. చేప వండే ముందు ఫోటో తీసి గ్రూపులో పెడతారు.

మొదట్లో గొణిగారు. "సముద్రం పక్కన పుట్టినోళ్లకి చేప తినడం నేర్పుతారేటి బావా" అన్నాడు ఒక పెద్దాయన. మూడు నెలలు చేతులు గోక్కుంటూ తిరిగిన మేస్త్రీయే ఆయనకి జవాబు చెప్పాడు: "సముద్రం ఒక్కటి కాదు మామా. మనూరి చేప వేరు, ఈ రాళ్ల చేప వేరు. నేను తిని చూశాను కదా, నువ్వు తినక్కర్లేదు."

చేప మానెయ్యమని మేము చెప్పడం లేదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి ఆ ఒక్క పూట పులుసన్నమే బలం. మీ క్యాంపులోనూ ఈ నాలుగు మాటలు రాసి వంటగదిలో అంటించండి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి హెల్మెట్టు ఇచ్చిన రోజే ఈ చేపల పేర్లు కూడా చెప్పండి. మారిషస్ కాకుండా సీషెల్స్, ఫిజీ లాంటి పగడపు దీవులకి పనికి వెళ్లే బంధువులుంటే వాళ్లకీ చెప్పండి.